ఏసేపన్న వాపసు సంచి

ఏసేపన్న ఎవరింటికీ ఒట్టి చేతులతో పోడు. ఎవరి చెత్త వాళ్ళకు పట్టుకుపోయి ఇచ్చి వస్తాడు. మీరు తెల్లారకముందే వీధి మలుపులో సంచి విసిరేసి, ఎవరూ చూడలేదని నిమ్మళంగా ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటారు. వాకిట్లో సైకిల్ బెల్లు మోగుతుంది. నూనె రాసి దువ్విన తల, మెడదాకా గుండీలు పెట్టిన తెల్ల చొక్కా, చేతిలో మీ సంచి.

ఒకప్పుడు నాపరాళ్ళకు పాలిషు పట్టిన మనిషి. ఇప్పుడు మా ఆరో వార్డు కౌన్సిలరు, ఏ పార్టీకీ చెందనివాడు. నేను ఈ ఊరి విలేకరిని. ఏసేపన్న మీద రాసి పంపినవన్నీ అచ్చయ్యాయి. కౌన్సిల్ మీద రాసినవి ఒక్కటీ కాలేదు. నవ్వుకునే వార్తలకు మా పత్రికలో ఎప్పుడూ చోటుంటుంది.

బ్యాంకులో మేనేజరుగా చేసి దిగిపోయిన వీరభద్రప్ప గారింటికి ఏసేపన్న వెళ్ళిన రోజు నేను పక్కనే ఉన్నాను.

"సార్, తమరి సామాను మలుపులో మర్చిపోయినారు."

"నాది కాదయ్యా!"

"పార్సిల్ కవరు మింద మీ పేరే ఉండాది సార్. చెప్పుల సైజు గూడా రాసుండాది."

మేనేజరు గారు కాళ్ళు కుర్చీ కిందకి లాక్కున్నారు.

"లోపల పెట్టమంటారా, ఈడనే ఉంచమంటారా?"

కోపం లేదు, నీతి బోధ లేదు. పిల్లల చదువులు అడిగి, మోకాళ్ళ నొప్పికి ఏం వాడుతున్నారో కనుక్కుని మరీ లేచాడు. అదే భరించలేకపోయేవాళ్ళు జనం. తిడితే తిరిగి తిట్టొచ్చు. ఆ తర్వాత ఊరంతా కవర్ల మీద పేర్లు చింపి పారేయడం మొదలుపెట్టింది. ఆయన తొక్కలు చూసి పట్టేసేవాడు. "ఈ వీధిలో ఆదివారం పూట గూడా కాకరకాయ తినేది మీరొక్కరే గదప్పా!" అనేవాడు.

చివరికి చర్చిలో అయ్యగారిని కూడా వదల్లేదు. ప్రార్థన ముగిసి అందరూ చేతులు కలుపుతుంటే, "వాక్యం శానా బాగుండాది అయ్యగారూ. ఇంద, మీ కోడి బొమికలు," అని సంచి చేతిలో పెట్టాడు.

మా మునిసిపాలిటీ సంగతి వేరు. ఒకరోజు ప్లాస్టిక్ నిషేధమని అధికారులు జీపు వేసుకుని బయల్దేరి, ఆకుకూరలమ్మే ముసలమ్మ దగ్గర గుప్పెడు సంచులు పట్టుకుని ఫోటో దిగారు. అవే సంచులు మూటలు మూటలుగా ఉన్న గోడౌను బజారులోనే ఉంది. అది చైర్మన్ ఓబుళేశు బామ్మర్దిది కనుక జీపుకు కనబడలేదు. ఏసేపన్న ఆ గుప్పెడూ అడిగి తీసుకుని గోడౌనుకు పోయి, "మీ సరుకు దారి తప్పినాదప్పా," అని ఇచ్చొచ్చాడు.

ఇంతలో చెత్త దిబ్బను తరలించాలన్న మాట లేచింది. పాత దిబ్బ పక్కన చైర్మన్ మనుషులు ప్లాట్లు వేశారు. కొనేవాళ్ళకు కంపు కొట్టకూడదు కదా! అందుకని దిబ్బను ఆరో వార్డు కాలనీ వెనక్కి, చర్చి గోడ పక్కకు పంపుదామన్నారు. దిబ్బ ఎక్కడుంటే అక్కడ నిప్పు కూడా పెడతారు. ఆ కాలనీలోనే వీధులూడ్చే కృపమణి ఉంటుంది.

"పగలంతా ఊరి చెత్త ఎత్తుతాండా. రాత్రయితే దాని పొగలో పండుకోవాల్నా ఏసేపన్నా? మా మహిమకు ఇప్పటికే ఆయాసం. పిల్ల ఎగపోస్తాంటే చూడలేకపోతాండా."

"నేనుండా గదమ్మా. మీటింగులో ఆపుతా," అన్నాడాయన.

ఆ రోజుల్లోనే నా కంటబడింది, ఆయన వాపసు ఇవ్వని సంచి ఒకటుందని. చైర్మన్ భార్య యశోదమ్మ తలకు స్కార్ఫు చుట్టుకుని ఊరి అవతలి కొస నుంచి స్కూటీ మీద వచ్చి, మా మలుపులో నల్ల సంచి పడేసి పోయేది. ఏసేపన్న దాన్ని విప్పి చూసి, మళ్ళీ గట్టిగా ముడేసి, సైకిల్‌కు తగిలించుకుని సర్కారు ఆసుపత్రి వైపు పోయేవాడు.

"ఏమన్నా, చైర్మన్ గారింటిది మాత్రం వాపసు పోదా?" అని అడిగేశాను.

"అది ఆసుపత్రి డబ్బాలో పడాల్సింది లేప్పా."

"ఏముందేంది దాంట్లో?"

"వాళ్ళ ఇంటి సంగతి నాకెందుకు, నీకెందుకు?"

అమ్ముడుపోయాడనుకున్నాను. మా కౌన్సిల్లో నోరు మూసుకున్నవాడికి వేరే అర్థం నేను చూడలేదు.

మీటింగు రోజు మిక్చరు పొట్లాలు పంచాక ఓబుళేశు తీర్మానం చదివాడు. ఏసేపన్న లేచి, కాలనీలో పిల్లలున్నారనీ, వద్దనీ చెప్పాడు. ఓబుళేశు పగలబడి నవ్వాడు.

"చెత్త ఏరుకునేటోడివి, చెత్తే నీ కాడికొస్తాంటే ఏడుస్తావేందయ్యా? ఊరందరి గుట్టూ మోసినావే, మా ఇంటిది ఒక్క సంచన్నా దొరికిందా? చెప్పు, అందరూ వింటాండారు!"

ఎప్పుడెప్పుడు అవిశ్వాసం పెడదామా అని చూస్తున్న అవతలి పక్షం ముందుకు వంగింది. "చెప్పు ఏసేపన్నా, దొరికుంటే చెప్పు. నీ దిబ్బ మేం ఆపుతాం," అన్నారు.

ఏసేపన్న ఓబుళేశు వైపు తిరిగాడు.

"లేదన్నా. మీ ఇంటిది నా కంటబడలేదు."

చేతులు లేచాయి. అవతలి పక్షం వాళ్ళవీ లేచాయి, దిబ్బ వాళ్ళ వార్డుకు రాదు కదా. కృపమణి ఆయనతో మాట్లాడటం మానేసింది. కాలనీలో ఎవరూ ఆయన్ను కూర్చోమనలేదు.

వారం తిరక్కుండానే శామ్ నడిపే మునిసిపాలిటీ చెత్త ట్రాక్టరు మొదటి లోడుతో వచ్చింది. ఏసేపన్న దారికి అడ్డంగా సైకిల్ పెట్టి నిలబడ్డాడు. శామ్ అరుస్తున్నాడు. కాలనీ జనం దూరంగా నిలబడి చూస్తున్నారు. అంతలో స్కూటీ మీద యశోదమ్మ దిగింది.

"శామూ, బండి తిప్పు."

"చైర్మన్ సార్ పొమ్మన్నాడమ్మా..."

ఆమె స్కార్ఫు లాగేసింది. తల మీద ఒక్క వెంట్రుక లేదు.

"క్యాన్సరు. బయటికి తెలిస్తే అవతలోళ్ళు కుర్చీ లాగుతారని ఆయన దాయమన్నాడు. మందుల డబ్బాలు, సూదులు తెచ్చి ఈడ పారేస్తాంటి. ఈ అన్న మొదటి దినమే చూసినాడు. మీటింగులో నోరు తెరిచింటే గెలిచేటోడు. ఏసేపు నోరు మూయించినా అని మా ఆయన ఇంటికొచ్చి నవ్వుతాంటే నాకు సిగ్గేసిపాయె."

శామ్ తల గోక్కున్నాడు.

"మల్ల ఈ లోడు యాడికి తోలేదమ్మా?"

"మా ఇంటికే తోలు. తీర్మానం చేసింది మేమే గదా."

ఏసేపన్న గాభరా పడిపోయాడు. "వద్దమ్మా, అదెట్ల కుదురుతాది! అదంతా మీది కాదు గదా. మీది మీకే రావాల, వాళ్ళది వాళ్ళకే పోవాల," అంటూ చొక్కా చేతులు మడిచి ట్రాక్టరెక్కి సంచులు విప్పడం మొదలుపెట్టాడు. యశోదమ్మ అందుకుంది. ఆమె వెనక కృపమణి, కృపమణి వెనక కాలనీ మొత్తం.

ఆ రోజు ట్రాక్టరు, చెయ్యెత్తిన ప్రతి కౌన్సిలరు వాకిట్లోనూ ఆగింది. ఓబుళేశు ఇంటి ముందు కూడా ఆగింది. ఆయన భార్య బోడి తల వైపు చూశాడు, వీధిలో జనం వైపు చూశాడు, రెండు చేతులూ చాచి సంచి అందుకున్నాడు. తీర్మానం రద్దు కాలేదు, దాని అమలు వాయిదా పడింది. మా కౌన్సిల్ నుంచి అంతకు మించి ఆశించడం అత్యాశ.

కృపమణి మాత్రం ట్రాక్టరు మీదికి కేకేసింది: "దిగు ఏసేపన్నా, దిగి చేతులు కడుక్కో. అన్నం తిందువు గానీ."

"ఇంగా రెండిండ్లుండాయి తల్లీ," అన్నాడాయన.