కాలి వాటా

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. సాలూరులో మా ఇంట్లోవాళ్ళు ఆ మాట నవ్వుతూ చెప్పరు. కానీ ఈ కొండ మీది ఆసుపత్రికి నర్సుగా వచ్చాక, హుకుంపేట దాటి లోపలికున్న ఈ ఊళ్ళో, నా కోపాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తిట్టినంతసేపూ తలవంచుకుని వింటారు. అయిపోయాక "గొంతు ఆరిపోయుంటాది, నీళ్ళు తాగమ్మా" అంటారు. ఇలాంటివాళ్ళ మీద కోపం ఎంతసేపని నిలుస్తుంది?

నేను అద్దెకున్నది ఒక అవ్వ ఇంట్లో. ముందుగది నాది, వెనకగది ఆవిడది. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఇంటి పైన వాలులో కాసిని కాఫీ మొక్కలు, చెట్లకి పాకిన మిరియాల తీగలు, ఒక పక్కన పసుపు. నీళ్ళకి దిగాలి, కట్టెలకి ఎక్కాలి, సంతకి వెళ్ళాలంటే దిగి మళ్ళీ ఎక్కాలి. ఇక్కడ కాలు ఆడకపోతే మనిషి ఆడనట్టే. మంచాన పడితే ఎవరో ఒకరు ఇంత అంబలి పోస్తారు, నిజమే. కానీ అవ్వ అలా తినే మనిషి కాదు.

ఈ ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మేకను కోసినా, అడవి నుంచి తేనె తెచ్చినా, నేల మీద విస్తళ్ళు కుట్టే అడ్డాకులు పరిచి ఇంటికో కుప్ప వేస్తారు. ఊరి పెద్ద వెనక్కి తిరిగి నిలబడతాడు. ఒకడు కుప్ప మీద చెయ్యి పెట్టి "ఇది ఎవరిది?" అంటాడు. పెద్ద చూడకుండానే ఏదో ఒక ఇల్లు చెప్తాడు. ఎక్కువ తక్కువల గొడవే ఉండదు. అవ్వకి ఈ పద్ధతి రక్తంలో ఉంది. నేను సాలూరు నుంచి జంతికలు తెస్తే నా కళ్ళ ముందే విరిచి ముక్కలు చేసి చుట్టుపక్కల ఇళ్ళకి పంపేది. "నీకోసం తెచ్చాను కదా" అంటే, "ఒక్కదాన్నే తింటే ఒంటికి పట్టదు" అనేది. జంతికల విషయంలో నాకు అభ్యంతరం లేదు.

పసుపు తవ్వే రోజుల్లో అవ్వ పాదంలో వెదురు మోడు దిగింది. పసుపు ముద్ద పెట్టి గుడ్డ కట్టుకుని నాకు చెప్పకుండా తిరిగింది. చెబితే తిడతానని. నేను చూసేటప్పటికి పాదం బూరెలా పొంగి, ఎర్రగా, ముట్టుకుంటే కాలిపోతోంది. ఒళ్ళు కూడా వెచ్చబడింది. తిట్టుకుంటూనే ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా డాక్టరుగారు పుండు కడిగి, ధనుర్వాతం రాకుండా ఇంజెక్షన్ చేయించి, ఇంతకుముందు ఏ మందైనా పడక ఒళ్ళు దద్దుర్లెక్కిందా అని అడిగారు. లేదంది. అప్పుడు మాత్రలు రాశారు, పెన్సిలిన్ జాతివి, ఒకే మాత్రలో రెండు మందులు కలిసినవి.

దారిలో అడిగింది, రెండెందుకని. "కొన్ని సూక్ష్మజీవులు తెలివిమీరిపోయాయి అవ్వా. మందు లోపలికి రాగానే విరిచేస్తాయి. అందుకని రెండో మందు వెళ్ళి వాటి చేతులు పట్టుకుంటుంది. అప్పుడు మొదటిది కొడుతుంది" అన్నాను.

"ఇద్దరూ అన్నదమ్ములా?" అంది.

"అన్నదమ్ములే. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, తిండితో పాటు వేసుకో. తగ్గినట్టు అనిపించినా ఆపకు, ఆపమని డాక్టరుగారే చెప్పాలి." తలూపింది. ఆ తలూపడం చూసి నేను మోసపోయాను.

రోజులు గడుస్తున్నాయి, వాపు తగ్గదు. ఎరుపు చీలమండ దాటి పైకి పాకింది. మాత్ర వేసుకున్నావా అంటే వేసుకున్నానంటుంది. ఖాళీ అట్ట కూడా చూపించింది. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. మందు పని చెయ్యడం లేదా, లోపల వెదురు ముక్కేమైనా మిగిలిపోయిందా అని డాక్టరుగారితో మాట్లాడదామనుకుంటున్న పొద్దున, అవ్వ మరిది వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పక్కింట్లోనే ఉంటాడు. పెదవులు ఉబ్బిపోయాయి, కళ్ళు మూసుకుపోయాయి, ఛాతీ నిండా దద్దుర్లు.

"ఏటి తిన్నావు?" అన్నాను.

"ఏటీ తిన్నేదమ్మా. పన్ను నొప్పికి వదిన మాత్ర ఇచ్చినాది, అదే."

ఇంకాసేపుంటే గొంతు వాచి ఊపిరి ఆగేది. బండి మీద కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు వెంటనే ఇంజెక్షన్ ఇచ్చి, మళ్ళీ తిరగబెడుతుందేమోనని పొద్దుగూకేదాకా కదలనివ్వలేదు. మరిదికి ఎప్పుడో చిన్నప్పుడు పార్వతీపురంలో ఒక సూది వేస్తే ఇలాగే ఒళ్ళంతా పొంగిందట. అది పెన్సిలిన్ అని అతనికి తెలియదు. "ఇకమీదట ఏ ఆసుపత్రికి వెళ్ళినా ముందు ఈ మాట చెప్పు" అని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. పాపం, అతను ఆ మాటని ఎంత బుద్ధిగా పట్టుకున్నాడంటే, సంతలో ఉప్పు కొంటూ కూడా "నాకు పెన్సిలిన్ పడదు" అని చెప్పేవాడు.

ఇంటికొచ్చి అవ్వని నిలదీశాను. నెమ్మదిగా అసలు సంగతి బయటపడింది. మరిదికొకటి, దగ్గుతున్న ఎదురింటి ఆవిడకొకటి, నడుంనొప్పి ముసలాయనకొకటి, మేత ముట్టని మేకకి సగం. తను కొన్నిటినే మింగింది.

"మందు కూడా పంచుతారా ఎక్కడైనా? అది నీ పుండుకిచ్చిన మందు. నడుంనొప్పికీ దానికీ ఏం సంబంధం? జలుబు దగ్గులకి ఆ మాత్ర ఎందుకూ పనికిరాదు. సగం కొట్టి వదిలేసిన పాములా లోపలి సూక్ష్మజీవులు తిరగబడ్డాయి. మీ మరిది చచ్చి బతికాడు. నీకు బుద్ధుందా అసలు?" అని అరిచాను. ఊరంతా విన్నది. మరిది సంగతి విన్నప్పుడు మాత్రం అవ్వ మొహం నల్లబడిపోయింది.

మర్నాడు డాక్టరుగారు పుండు కోసి చీము తీశారు. ఒక వెదురు పేడు కూడా వచ్చింది. మళ్ళీ మొదటినుంచీ మాత్రలు. ఈసారి ఆయన గొంతు తగ్గించి నాతో అన్నారు, "ఇది లొంగకపోతే విశాఖపట్నం పంపాలి. అక్కడ పాదం ఎంతవరకు ఉంచుతారో చెప్పలేను." అవ్వకి వినబడింది. ఆవిడ తన పాదం వైపు చూసుకుంది.

ఇంత జరిగాక మాత్ర మింగుతుందనుకున్నాను. చేతిలో పెట్టుకుని కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. "అందరికీ నొప్పులున్నాయి. నానొక్కదాన్నే దాసుకుని తింటే దొంగతనంలాగుంటాది సిస్టరమ్మా. అలాగ తిన్నది ఒంటికి పట్టదు" అంది. మొండితనం కాదది. నిజంగానే గొంతు దిగడం లేదు. నేను నోరు పెట్టి, బతిమాలి, ఒట్టు పెట్టించుకుని ఒకటి మింగించాను. వెంటనే కక్కేసింది. తిట్టడం ఒక్కటే వచ్చు నాకు, అది కాస్తా ఇక్కడ చెల్లలేదు. వెళ్ళి మరిది గుమ్మంలో చతికిలబడి, "మీ వదిన కాలు పోగొట్టుకునేలా ఉంది, నా వల్ల కావడం లేదు" అని చెప్పేశాను.

అతను లేచి ఊరి పెద్ద ఇంటికి వెళ్ళాడు.

సాయంత్రం అవ్వ వాకిట్లో జనం చేరారు. నేల మీద ఒకే ఒక అడ్డాకు పరిచారు. మాత్రల అట్టలు దాని మీద పెట్టబోతూ మరిది నా వైపు చూశాడు. "అట్ట విప్పకండి, ఈ చెమ్మకి మాత్ర పాడైపోతుంది" అన్నాను. విప్పకుండానే పెట్టారు. పెద్ద వెనక్కి తిరిగి నిలబడ్డాడు. మరిది అట్ట మీద చెయ్యి వేసి, "ఇది మా ఇంటి వాటా. ఎవరిది?" అన్నాడు.

"ఆయమ్మ కాలిది" అన్నాడు పెద్ద.

తర్వాత ఎదురింటి ఆవిడ వచ్చి చెయ్యి వేసింది. "ఇది మా ఇంటి వాటా. ఎవరిది?" "కాలిది." నడుంనొప్పి ముసలాయన, ఆ వెనక పై ఇళ్ళవాళ్ళు. ఒక్కొక్కరూ వచ్చారు, ఒక్కొక్కరికీ పెద్ద అదే మాట చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. అవ్వ గడప మీద కూర్చుని కొంగుతో మొహం ఒత్తుకుంటూనే ఉంది.

అప్పటినుంచి పూటకో ఇంటివాళ్ళు వచ్చేవారు. చోడి అంబలో, సామ అన్నమో తెచ్చి, అవ్వ నాలుగు ముద్దలు తినేదాకా ఆగి, "మా వాటా వేసుకో" అని దగ్గరుండి మింగించి వెళ్ళేవారు. మధ్యలో విరేచనాలు పట్టుకున్నాయి. మందు పడలేదు, మానేస్తానంది. ఈ మాత్రకి అలా కావడం మామూలే. డాక్టరుగారిని అడిగి ఉప్పు-పంచదార పొడి కలిపిన నీళ్ళు తాగించాను, నెత్తురు పడుతోందేమో కనిపెట్టి చూశాను. రెండు పూటల్లో సర్దుకుంది. వాపు తీసి, పాదం మీది చర్మం ముడతలు పడ్డాక ఇంకో పేచీ. "తగ్గిపోనాది కదా, ఇవి దాద్దుము. ఎవులికైనా పనికొత్తాయి." నేను నోరు తెరిచే లోపలే ఎదురింటి ఆవిడ అందుకుంది. "మా వాటా మేం కాలికిచ్చినాం. దాసడానికి నువ్వెవులు? బేగి మింగు." అబ్బ, ఎంత హాయిగా ఉందో నాకు, ఆ తిట్టు ఇంకొకరి నోట వింటే.

మాత్రలు అయిపోయాయి. డాక్టరుగారు పాదం నొక్కి చూసి, ఇక అక్కర్లేదన్నారు. ఆసుపత్రి నుంచి ఇంటి దాకా ఆ ఎక్కుడు దారి అవ్వ నా చెయ్యి పట్టుకోకుండా నడిచింది. వెనకాల నేను, ఆ పాదం పడినప్పుడల్లా చూసుకుంటూ.

ఇంటికి రాగానే నన్ను వెనకగదిలోకి పిలిచింది. గాదె పక్కన చెయ్యి పెట్టి ఆకు మడత ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. విప్పాను. మాత్ర. చెమ్మ తగిలి పసుపు రంగుకి తిరిగి, అంచులు రాలిపోతోంది.

"అందరూ వాటాలు ఇచ్చేసినారు. నీది నా దగ్గరే ఉండిపోనాది" అంది. "ఆ వారం నీకు దగ్గు కదా. తొలి రోజు అట్ట ఇప్పగానే మొదటిది నీకే తీసినాను. తిడతావని ఇయ్యలేదు."

మొదటిది. అప్పటికి ఆవిడ కాలు కాలిపోతోంది. తను ఇంకా ఒక్కటీ మింగలేదు.

నేను పుట్టిన ఇంట్లో ముందు మగవాళ్ళు తినేవారు, తర్వాత మగపిల్లలు, గిన్నెలో మిగిలింది మా ఆడవాళ్ళది. అత్తవారింట్లోనూ అంతే. నాకోసం ముందుగా తీసిపెట్టిన ముద్ద ఒక్కటీ నాకు గుర్తు లేదు. తిడదామని నోరు తెరిచాను కానీ ఏడుపొచ్చింది. అవ్వ బెదిరిపోయి, "పాడైపోనాదా? అందుకేనా?" అంటూ నా చెంపలు తుడిచింది.

పాడైన మందు ఎవరూ మింగకూడదు. ఆసుపత్రికి తీసుకెళ్ళి, పనికిరాని మందులు వేసే డబ్బాలో వెయ్యాలి. మర్నాడు తీసుకెళ్ళాను. డబ్బా మూత తీసి పట్టుకుని, చాలాసేపటి దాకా వెయ్యలేకపోయాను.