పలకపొడితో తోమిన పళ్ళు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ లేదు. ఇరవై రెండేళ్ళ వయసు, మార్కాపురం పలకల షెడ్డులో సూపర్‌వైజరు ఉద్యోగం, ఆదివారం పెద్దారవీడు పక్కన మా ఊరి చర్చి పాటల గుంపులో మొదటి గొంతు. ఇంతటి జ్ఞాని చిగుళ్ళ గురించి ఇంకొకరిని అడుగుతాడా? షెడ్డులో గరుకు పలకను రాతిపొడితో రుద్దితే నున్నగా తేలేది. పళ్ళకు మాత్రం ఏం తక్కువ అనుకుని ఒక పొట్లం ఇంటికి తెచ్చుకున్నాను. (ఎవరూ ఆపలేదు. ఆపితే ఆగే రకాన్నీ కాదు.) గట్టి బ్రష్షు మీద ఆ పొడి చల్లి, రోజూ పలకను రుద్దినట్టే రుద్దాను. వారం తిరిగేసరికి చిగుళ్ళు వాచి, ఉమ్మితే ఎర్రగా పడింది. దెబ్బ తగిలిన చోటును కదిలించకూడదన్నది నా సొంత వైద్యం కాబట్టి, పళ్ళు తోమడమే మానేశాను.

మా అవ్వ మాత్రం వాకిట్లో కూర్చుని వేపపుల్లను కుంచెలా మెత్తబడేదాకా నమిలి, చిగురు నొవ్వకుండా ఒక్కో పన్నునూ పలకరిస్తున్నట్టు తోమేది. కూలికి పోయిన చేలో కూడా సద్ది తిన్నాక నోరు పుక్కిలించకుండా లేచేది కాదు. "ఏందవ్వా, పెండ్లికూతురివా, ఇంతసేపు తోముతా ఉండావు?" అంటే, "నోరు పారేసుకునేది తర్వాత, ముందు కడుక్కో అబ్బీ" అనేది. డిగ్రీ చదివినవాణ్ణి, నేను వింటానా!

ఆ ఏడు క్రిస్మస్‌కు నాకూ, మా ఊరి బడికి కొత్తగా వచ్చిన టీచరమ్మకూ కలిపి ఒక పాట ఇచ్చారు. ఇద్దరికీ మైకు ఒకటే. నాకు పాటకన్నా ఆ మైకే ముఖ్యం. (ఈ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాను. గుంపంతటికీ తెలుసట.) మొదటి ప్రాక్టీసులో ఆమె అర అడుగు జరిగింది. సిగ్గనుకున్నాను. రెండోసారి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. భక్తి అనుకున్నాను. మూడోసారి మైకు నా చేతికే ఇచ్చేసి దూరంగా నిలబడింది. త్యాగం అనుకుని పొంగిపోయాను. గుప్పెడు సోంపు నమిలి మరీ దగ్గరకు జరిగితే, పాట ఆపి తలుపు పక్కకు పిలిచింది. "బ్రదర్, ఏమనుకోవద్దు. మీ నోరు వాసన వస్తా ఉంది. పండ్ల డాక్టరుకు చూపించుకోండి. లేకుంటే ఈ పాట నేను పాడను." వాసన సంగతి ఎలాగో మింగాను. ఆ 'బ్రదర్' మాత్రం గొంతు దిగలేదు.

మర్నాడే మార్కాపురంలో డాక్టరమ్మ ముందు నోరు తెరిచాను. "పలకపొడా? ఉలి దొరకలేదా నాయనా? రక్తం వస్తా ఉందని తోమడం కూడా మానేసినావా? గార పట్టింది అందుకే" అంటూ గారంతా గీకింది. మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు, చిగురు అంచున నెమ్మదిగా తోమాలంది. తిన్న ప్రతిసారీ పుక్కిలించాలంది. ఇదంతా అవ్వ రోజూ నా కళ్ళముందు చేస్తున్నదే.

క్రిస్మస్ నాటికి మైకు మళ్ళీ మా ఇద్దరి మధ్యకు వచ్చింది. అప్పటికే కదిలిపోయిన కింది పన్ను ఒకటి మాత్రం నిలవలేదు. కొన్నేళ్ళకు అవ్వ పోయింది, తన పళ్ళన్నీ తనతోనే తీసుకుని. నోట్లో ఆ ఖాళీ నాలుకకు తగిలినప్పుడల్లా ఆమె గుర్తొస్తుంది, ఎగతాళి చేసినందుకు సిగ్గేస్తుంది. టీచరమ్మ నన్ను బ్రదర్ అనడం మానేసి చాలా ఏళ్ళయింది. మా ఇద్దరు పిల్లల ముందు అలా పిలిస్తే బాగుండదు కదా. ఇప్పటికీ ఇద్దరికీ ఒకటే మైకు. నేను తోమడానికి బద్ధకించిన ఆదివారం మాత్రం ఆమె అర అడుగు పక్కకు జరుగుతుంది.