పదకొండో నంబరు బనీను

నేను బడిలో ఆటల టీచరుని. నలభై దాటాయి. మా ఇంట్లో ఉన్న వీడియో గేమ్ బాక్సు మాత్రం నా కోసం కొన్నది కాదు. మా ఆయన ఫుట్‌బాల్ ఆడుకుంటానని తెచ్చి, నెల తిరక్కుండానే మొహం మొత్తి టీవీ కింద పడేశాడు. దాని దుమ్ము దులిపి బాస్కెట్‌బాల్ డిస్కు కొనుక్కున్నది నేను. అమెరికా లీగు అనుమతి తీసుకుని చేసిన ఆట అది. అసలు జట్లు, అసలు ఆటగాళ్ల మొహాలు, మెడ మీద చెమట, కామెంటరీ గోల, అన్నీ ఉంటాయి. మనకు నచ్చినట్టు ఒక కొత్త క్రీడాకారిణిని కూడా తయారు చేసుకోవచ్చు. నేను నన్నే తయారు చేసుకున్నాను. నంబరు పదకొండు, ఎత్తు ఆరడుగులు. ఐదడుగుల ఒక్క అంగుళంతో కాలేజీ జట్టులో మూడేళ్లు పడ్డ పాట్లు చాలు, ఇక్కడ కూడా ఎందుకు?

ఫిబ్రవరిలో నాన్నకు కంట్లో శుక్లం తీయించి, ఒంగోలులోని మా ఇంటికి తీసుకొచ్చాను. అద్దంకి దగ్గర మా ఊళ్లో అప్పుడే మిరపకాయ కళ్లంలో ఆరుతోంది. దుమ్మూ ఘాటూ తగలకూడదు, మూడు వారాలు అటువైపు వెళ్లొద్దన్నాడు డాక్టరు.

"కాయ కళ్లంలో ఉంటే నన్నీడ కూర్చోబెడతారా?" అంటూ నాన్న నల్లద్దాల్లోంచే అందరి మీదా గుడ్లురిమాడు.

నాకు లోపల కొంచెం సంతోషం కలిగిందని ఒప్పుకుంటాను. కాలేజీలో నా మ్యాచ్‌లన్నీ సరిగ్గా ఈ రోజుల్లోనే ఉండేవి. గుంటూరులో ఫైనల్ ఆడినప్పుడు కూడా నాన్న రాలేదు. కళ్లం వదిలి ఎట్టా వస్తానమ్మా అనేవాడు. మిగతా పిల్లల నాన్నలు వచ్చేవాళ్లా అంటే అదీ లేదు. కానీ నాకు కావలసింది మా నాన్న. నేను ఆడటం ఆయన ఒక్కసారైనా చూడలేదన్న కోపం ఇరవై ఏళ్లయినా తగ్గలేదు. పైగా ఆ కళ్లం నా జట్టు బనీనును కూడా వదల్లేదు. ఉతికి కళ్లం పక్కన తీగ మీద ఆరేస్తే చాలు, ఘాటంతా దానికే పట్టేది. ఆటలో చెమట పట్టగానే మెడా భుజాలూ భగ్గున మండేవి. నేను గోక్కుంటూ ఆడుతుంటే జట్టు పిల్లలు 'ఎండుమిర్చి' అని పిలిచేవాళ్లు.

ఒక ఆదివారం మధ్యాహ్నం నేను ఆడుకుంటుంటే నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నా చేతిలోది రిమోట్ అనుకున్నాడు. టీవీలో నిజం మ్యాచ్ వస్తోందనుకున్నాడు. నేనూ సరదాకి చెప్పలేదు.

"ఆ పొడుగు పిల్ల బాగా ఆడతందే," అన్నాడు. కాసేపటికి, "పక్కోళ్లకి బంతి ఇవ్వదేంది? అన్నీ తనే వేద్దామనుకుంటది," అన్నాడు.

మా కోచ్ కూడా అచ్చం ఇదే అనేవాడు. ఉక్రోషం వచ్చి ఇంకో రెండుసార్లు బంతి నేనే బుట్టలో వేశాను.

అప్పుడు ఆ పిల్ల వెనక్కి తిరిగింది. నాన్న నల్లద్దాలు తీసి ముందుకు వంగాడు. ఆయనకు ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వచ్చు.

"పదకొండు గదా అది?"

"అవును."

"అది నీ నంబరు గదా! దానికెట్టా ఇచ్చారు?"

ఆయన గొంతులో ఉన్నది నిజమైన కోపం. నేను ఆట ఆపేశాను. నా నంబరు ఆయనకు తెలుసని నేనెప్పుడూ అనుకోలేదు.

"నీకెట్టా తెలుసు నాన్నా?"

"తెలవకేం? కాయ తిరగేసేటప్పుడు కళ్లెదురుగా తీగ మీద ఊగతా ఉండేది గదా నీ బనీను. నువ్వేమో ఆరేసి మర్చిపోయేదానివి. రాత్రి గాలికి పోద్దని నేనే మడతేసి, కాయ మీద కప్పే పట్టా కింద కాయల్లో పెట్టేవాణ్ణి. పొద్దున్నే మళ్లా తీగ మీద వేసేవాణ్ణి."

"కాయల్లోనా?"

"మరి? భద్రంగా ఉండేది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూడేళ్లు నా మెడ మండించింది గాలి కాదు, మా నాన్న.

"ఆ పిల్ల నేనే నాన్నా," అన్నాను. "ఇది మ్యాచ్ కాదు, వీడియో గేమ్. దాన్ని నేనే తయారు చేశాను, నేనే ఆడిస్తున్నాను."

చేతిలోది చూపించి మీట నొక్కాను. తెర మీద పదకొండో నంబరు పైకి ఎగిరింది. నాన్న నన్నూ తెరనూ మార్చి మార్చి చూశాడు.

"నువ్వంత పొడుగు లేవు గదా!"

"కొంచెం పెంచుకున్నాను."

"ఎందుకూ? నీ పొడుగే పెట్టు. మొదట్నించి వెయ్యి, చూస్తా."

ఆ ఆటలో నా అంత పొట్టివాళ్లు ఉండరు. దించగలిగినంత కిందికి దించి, మొదటి నుంచి పెట్టాను. ఆ మ్యాచ్ చిత్తుగా ఓడిపోయాను. కంట్లో చుక్కలు వేసుకునే టైమైందని మా ఆయన రెండుసార్లు పిలిచాడు. నాన్న ఆఖరి గంట మోగేదాకా లేవలేదు.