రేవు భాష

లోకంలో ఉన్న కంప్యూటర్లన్నీ ఒకనాటికి రైలెక్కి రేపల్లె వచ్చి, మా అమ్మమ్మ స్నేహలత గుమ్మం ముందు చేతులు కట్టుకుని నిలబడి, "అమ్మా, మాకూ కాస్త తెలుగు నేర్పండి" అని బతిమాలతాయి. ఇందులో అబద్ధమేమీ లేదు. ఇంకా రాలేదు, అంతే.

అమ్మమ్మ స్టేషన్ రోడ్డులో ముప్పై ఏళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపింది. కీల వైపు చూసి కొట్టినవాళ్ల వేళ్ల మీద స్కేలు పడేది. ఆమె దగ్గర లోయరు, హయ్యరు టైపు పరీక్షలు పాసై గుమస్తాలైనవాళ్లు ఇప్పటికీ చర్చిలో ఆమె కనిపిస్తే చేతులు వెనక్కి పెట్టుకుంటారు. టైపు మిషన్లు పాత ఇనుము కింద వెళ్లిపోయాక, తెనాలిలో మనవల ఈడు పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని, కంప్యూటరుకు అర్థమయ్యే సీ భాష నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుంటే ఆవిడ మా అమ్మమ్మ ఎందుకవుతుంది? సరదాకి సొంతంగా ఒక భాష కట్టడం మొదలుపెట్టింది. దానికి రేవు అని పేరు పెట్టింది. ఈ ఒడ్డున తెలుగులో రాస్తే ఆ ఒడ్డుకు సీ అయి చేరుతుంది. వంతెన రాకముందు పెనుమూడిలో కృష్ణ దాటించే పడవ చేసిన పనే.

"ఎవరు వాడతారు అమ్మమ్మా దీన్ని?"

"నేను."

నిజమే. ఆ భాష వచ్చినవాళ్లు ఇద్దరే. ఒకరు ఆవిడ, రెండోది ఇంటర్ తప్పి జిరాక్సు షాపులో కూర్చునే నేను. నాకు వచ్చింది సగమే.

కంటి నరాన్ని తినేసే నీటికాసులన్నారు తెనాలి కంటి డాక్టరుగారు. అప్పటికే ఎడమ కన్ను పోయింది, కుడిది పోతూ ఉంది. "పోయిన చూపు తిరిగి రాదండి," అన్నారు. తిరుగు రైల్లో అమ్మమ్మ కిటికీ వైపు చూడలేదు. ఒళ్లో సంచీ మీద వేళ్లతో టైపు కొడుతూ కూర్చుంది.

ఆమెకు మిగిలిన పని ఒకటే. రేవులో తప్పు రాస్తే అది ఏ లైనులో ఉందో తెర మీద పడుతుంది. అది స్పీకరులోంచి మాటగా వినపడాలి. కన్ను మూతపడేలోగా ఆ భాగం పూర్తయితే చీకట్లోనూ రాసుకోవచ్చు. లేకపోతే కంప్యూటరు ఒట్టి రేకు డబ్బా.

కన్నే ముందు మూతపడింది. వానలు వెలిసిన ఒక ఉదయం లేచి, "లైటెయ్యవే," అంది. కిటికీ నిండా ఎండ ఉంది.

బాపట్లలో గుమస్తాగా చేస్తున్న మా పిన్ని దీవెన వచ్చి తీసుకెళ్లిపోయింది.

"ఇంకా ఆ పెట్టె ఎందుకమ్మా?"

"అది రాకపోతే నేనూ రాను."

రెండూ వెళ్లాయి. అక్కడ వరండాలో పగలంతా రాసేది. మిగిలిన భాగమంతా ఆమె బుర్రలో ఉంది. మొత్తం రాశాకే నడిపి చూడాలి. కీలు చూడకుండా కొట్టడం ఆమెకొకరు నేర్పాలా? సాయంత్రం పిన్నిని పిలిచి, "పడుతోందా అమ్మాయ్?" అని అడిగేది.

"స్క్రీను నిండా వచ్చిందమ్మా," అనేది పిన్ని. ఆ మాట విని అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేదట.

చలికాలంలో నేను వెళ్లేసరికి తెర మీద, పైనున్న రేపల్లె నాటి రాత తప్ప, ఒక్క తెలుగు మాట లేదు. అక్షరాలు ఒకదానిమీద ఒకటి పడి చచ్చినట్టున్నాయి, పేజీలకు పేజీలు. కీబోర్డు పాతది. ఎఫ్ మీద, జె మీద చూపుడువేళ్లకు తగిలి చోటు చెప్పే చిన్న గీతలు ఎప్పుడో అరిగిపోయాయి. చూపున్న రోజుల్లో ఓరకంటితో సర్దుకునేది కాబోలు. ఇప్పుడు చేతులు ఒక కీ పక్కకు కూర్చున్నాయి. రోజూ అక్కడే కూర్చున్నాయి.

"ఇన్ని వారాలూ చూశావు కదా పిన్నీ," అన్నాను.

"ప్రోగ్రామంటే అలాగే ఉంటుందేమో అనుకున్నానే," అంది పిన్ని. తల్లి కట్టిన భాషను ఆమె అంతకుముందు ఒక్కసారీ చదవలేదు.

అమ్మమ్మ అంతా విన్నది. కీబోర్డు అంచు తడిమి, అక్కణ్ణించి ఒక్కో కీ దాటుకుంటూ వచ్చి, ఎఫ్ దగ్గర ఆగింది. తర్వాత తన కుడిచేతి వేళ్ల మీద ఎడమచేత్తో ఒక్కటి వేసుకుంది.

నేను బజారుకెళ్లి ఎమ్‌సీల్ తెచ్చి, ఆ రెండు కీల మీదా ఆవగింజంత అంటించి, అది గట్టిపడ్డాక ఆమె వేళ్లు వాటి మీద పెట్టాను. అప్పటిదాకా ఆపుకున్న నా ఏడుపు ఇక ఆగలేదు.

"కంప్యూటర్లన్నీ రేపల్లె వస్తాయి అమ్మమ్మా. నీ కాళ్లు పట్టుకుంటాయి," అన్నాను ముక్కు ఎగబీలుస్తూ.

"వస్తే రానీ. నువ్వు ఏడుపాపి, ఎన్నో లైను దాకా సరిగ్గా ఉందో చెప్పు."