పెద్ద మామా చేపలకు నేను కట్టిన ఫిల్టరు

మాది కొల్లేరు పక్క ఊరు. అక్కడ పుట్టిన ప్రతివాడూ చేపల గురించి తనకు తెలియనిది లేదనుకుంటాడు. నేనూ అంతే. మదీనత్ అల్ షమాల్ అనే అరబ్బుల ఊళ్ళో నేను డ్రైవరుగా ఉన్న విల్లాలో, యజమాని తల్లిని పనివాళ్ళందరం పెద్ద మామా అంటాం. మామా అంటే ఇక్కడ అమ్మ. పెరట్లో ఆవిడకో సిమెంటు తొట్టి, అందులో అందానికి పెంచుకునే రంగురంగుల కోయి చేపలు. చనిపోయిన భర్త తెచ్చి పెట్టినవట. నీళ్ళు పచ్చబడి చేపలు కనపడటం లేదని ఆవిడ దిగులు పడుతుంటే, ఎవరూ అడక్కుండానే ఫిల్టరు నేను కడతానన్నాను. నా నోరు ఊరుకుంటేగా!

నిజానికి మా చెరువుల్లో నీళ్ళు పచ్చగా ఉండాలనే ఎరువులు వేస్తాం. తేటనీళ్ళ పని నాకు కొత్త. అయినా కుదిరింది. మూడు నీలం డ్రమ్ములు వరసగా పెట్టాను. మోటారు తోడిన నీళ్ళు మొదటి డ్రమ్ములో నిలబడితే మడ్డి అడుక్కి దిగుతుంది. రెండోదాంట్లో స్పాంజిలు వడకడతాయి. మూడోదాంట్లో ఆ నీళ్ళు గులకరాళ్ళ మధ్య నుంచి పారి మళ్ళీ తొట్టిలో పడతాయి. కొన్నాళ్ళకు తొట్టి అడుగు కనపడింది. పెద్ద మామా రోజూ పొద్దున కుర్చీ వేయించుకుని మేత పెడుతుంటే, అన్నిట్లోకీ పెద్దదైన తెల్ల చేప ఆవిడ చేతిలోంచే తినేది. వచ్చినవాళ్ళకు నన్ను చూపించి “మా ఇంజినీరు” అనేది. నేను కాలరెగరేసేవాణ్ణి.

ఒక శుక్రవారం చుట్టాలొస్తున్నారని డ్రమ్ముల మూతలు తీశాను. స్పాంజిలకూ రాళ్ళకూ గోధుమరంగు జిగురు. ఛీ, ఇంత మురికిలోంచా నీళ్ళు పోతున్నాయి అనిపించింది. మా వైపు చెరువులో కొత్తనీళ్ళు పెడితే ముందు బ్లీచింగ్ కొట్టాల్సిందే. వంటింట్లోంచి బ్లీచ్ సీసా తెచ్చి, అన్నీ తెల్లగా తోమి, కడిగి ఎండలో ఆరబెట్టి మళ్ళీ సర్దాను.

నాలుగైదు రోజులకు చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. ఊళ్ళో చేపపిల్లల హేచరీలో పనిచేసే మా బావమరిదికి ఫోన్ చేశాను.

“బావా, చేపల మురికిని తినేది ఆ జిగురేగా! అందులో ప్రాణం ఉంటుంది. దాన్ని చంపేసి శుభ్రం చేశానంటావేంటి?” అన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. గబగబా సగం నీళ్ళు మార్చాను. మిగతా చేపలు తేరుకున్నాయి, తెల్ల చేప తేరుకోలేదు.

నా వల్లే పోయిందని వచ్చీరాని అరబిక్‌లో పెద్ద మామాకు చెప్పాను. ఆవిడ దాన్ని పాత గుడ్డలో చుట్టి ఖర్జూర చెట్టు కింద పాతిపెట్టమంది. యజమానైతే “మాఫీ ముష్కిల్, ఏం పర్లేదు, ఇంకోటి కొందాం” అని కారెక్కాడు. ఇద్దరిలో ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే నా మొహం నేను చూసుకోగలిగేవాణ్ణి.

మొన్న పక్క విల్లా ఆవిడ తమకూ ఫిల్టరు కావాలంటూ వచ్చింది. పెద్ద మామా మళ్ళీ నన్నే చూపించింది. సిగ్గుతో చచ్చిపోయాను.

“వద్దు మామా, ఇంకెవరినైనా పిలవండి,” అన్నాను.

“ఇతనే కట్టాలి,” అంది పక్కింటావిడతో. “ఏది కడగకూడదో ఇప్పుడు ఇతనికి తెలుసు.”

కొలతలు తీసుకుని వచ్చాను. ఆవిడ ఇప్పటికీ పొద్దున్నే మేత పట్టుకుని నీళ్ళలోకి చెయ్యి చాస్తుంది. చేపలు దూరంగానే తిరుగుతుంటాయి. ఆ వేళకు నేను కారు తుడిచే వంక పెట్టుకుని అటు తిరిగి నిలబడతాను.