గడ్డం సారు గల్లీలో వాకబు

ఆ రోజుల్లో నేను ఎవరినీ నమ్మేదాన్ని కాదు. పాలవాడు తనంతట తాను "నీళ్ళు కలపలేదమ్మా" అన్నాడంటే, అడగకముందే ఎందుకు చెప్పాడా అని ఆ పూటంతా ఆలోచించేదాన్ని. నాందేడ్ బజారులో మాది బట్టల దుకాణం. మధ్యాహ్నం మా ఆయన భోజనానికి వెళ్తే గల్లా దగ్గర నేను కూర్చునేదాన్ని. కూర్చుని కూర్చుని మనుషుల ముఖాలు చదవడం వచ్చేసిందని నాకొక గట్టి అభిప్రాయం ఉండేది (మా ఆయనకు ఆ అభిప్రాయం లేదు, అది ఆయన ముఖం చూసే తెలుసుకున్నాను). అలాంటి నా కడుపున పుట్టిన చిట్టి, పన్నెండో తరగతి కాగానే, "బీకామ్ చెయ్యనమ్మా, నాటకాల డిగ్రీ చేస్త," అంది. మా ఊళ్ళోనే ఒక కాలేజీలో నటన నేర్పే మూడేళ్ళ చదువు ఉందట. నవ్వడానికీ ఏడవడానికీ మూడేళ్ళెందుకో నాకర్థం కాలేదు. ఎలాగూ ఆడిషన్‌లో తీసేస్తారులే అని ఊరుకున్నాను.

తీసేయలేదు. మొదటి ఆడిషన్ అయిన వారానికి ఫోన్ వచ్చింది. శుక్రవారం ఇంకోసారి రావాలి, తల్లినో తండ్రినో వెంట తేవాలి. చిట్టి ఎగిరి గంతేసింది గానీ నాకు అనుమానం పట్టుకుంది. ఇంకోసారి ఎందుకు? మా దుకాణంలో చీర నచ్చినవాళ్ళు అప్పటికప్పుడే తీసుకుంటారు. తిరిగొచ్చేవాళ్ళు వచ్చేది బేరానికే. పైగా యాక్టింగ్ చేసేది పిల్లయితే నాతో వాళ్ళకేం పని? అదీగాక ఆ వారమంతా మా ఇంట్లో ఒకటే జపం: "గడ్డం సార్ గిట్లన్నడు, గడ్డం సార్ గట్లన్నడు." ఆడిషన్ రోజు పరీక్ష పెట్టిన మాస్టరట ఆయన. గడ్డం మాటున ఏముందో ఎవరికి తెలుసు?

దెగ్లూర్‌లో ఉండే మా వదినకు, అంటే మా ఆయన అక్కకు, ఫోన్ చేశాను. మా తెలుగు కుటుంబాల్లో పిల్లనిచ్చే ముందు ఒక పద్ధతుంది. పెద్దవాళ్ళు మాటలు కలపకముందే ఇద్దరాడవాళ్ళు వెళ్ళి పిల్లవాడి గల్లీలో ఇల్లు కిరాయికి కావాలన్నట్టు తిరిగి, తాగుతాడా, తల్లిమీద అరుస్తాడా అని వాకబు చేసి వస్తారు. ఆ పనిలో మా వదినను మించినవాళ్ళు లేరు. బస్సు దిగీ దిగగానే ఆమె తీర్పు చెప్పేసింది. "పెండ్లికైతే అడుగుతం. మూడేండ్లు పోరిని వాళ్ళకు అప్పజెప్తున్నం, గీడ అడగకపోతే ఎట్ల? నడు."

చిట్టికి చెప్పకుండా నడిచాం. నది అవతల కాలనీలో సారు ఇల్లు. ఇస్త్రీ బండివాడు మంచివాడన్నాడు, కిరాణా కొట్టామె బంగారమంది. అందరూ మంచే చెబుతుంటే నాకు అనుమానం ఇంకా ముదిరింది. "ఇంటినే చూద్దాం పా," అని వదిన నేరుగా వెళ్ళి తలుపు కొట్టింది. తీసింది సారు తల్లి. గది ఖాళీ ఉందా అని అడిగాం. ఆవిడ మా వదిన పట్టుచీరను పైనుంచి కిందికి చూసి, గది మాట ఎత్తకుండానే, "బసా, బసా," అని కూర్చోబెట్టి, పది నిమిషాల్లో కొబ్బరి తురుము చల్లిన కాందే పోహే తెచ్చింది. గది అడిగినవాళ్ళకు ఉల్లిపాయల అటుకులెందుకు? గది ఎవరికని అడిగితే, మా పిల్ల చదువుకని వదిన అంది. అంతే, ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. పిల్ల ఎత్తెంత, మరాఠీ బాగా వస్తుందా, వంట చేస్తుందా. పిల్ల వయసొక్కటి తప్ప వదిన అన్నీ చెప్పింది (వాకబుకు వెళ్ళినచోట మన సంగతులన్నీ చెప్పకూడదని ఆమె నియమం). బయటికొచ్చాక నేను, "యాక్టింగ్‌కు వంటెందుకు వదినా?" అన్నాను. "ఏందో మతలబుంది," అంది వదిన. ఆ తొందరలో మా దుకాణం పేరున్న గుడ్డసంచి అక్కడే మరిచిపోయి వచ్చాం.

మహారాష్ట్రలో అంతకాలం ఉండి, పెళ్ళి సంబంధం మాట్లాడేచోట పోహే పెడతారన్న సంగతి మా ఇద్దరికీ ఆ పూట ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు.

శుక్రవారం అలాంటిదే ఇంకో సంచి చేత్తో పట్టుకుని కాలేజీకి వెళ్ళాను. హాల్లో బల్ల వెనక ఆ విభాగానికి పెద్ద మేడం, పక్కన గడ్డం సారు. సారు నా సంచిని చూశాడు. నన్ను చూశాడు. లేచి నిలబడి, గడ్డం మీది చెంపలు ఎర్రబడుతుంటే, "మేడం, ఈ అమ్మాయికి నేను మార్కులు వేయకూడదు. వీళ్ళింటివాళ్ళు మా ఇంటికి సంబంధం మాట్లాడటానికి వచ్చారు. మా అమ్మ నా జాతకం కూడా తీసి పెట్టింది," అన్నాడు. చిట్టి నావైపు తిరిగింది.

"ఏం చేసినవమ్మా?" అంది మెల్లగా. "గీ సీటు పోతే నాకింకేం వద్దు."

ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను, ఇస్త్రీ బండి దగ్గరనుంచి పోహే దాకా. చివర్లో నాకే కోపం వచ్చి, "పిల్లను ఊరికే పంపుతమా మేడం? వాకబు చెయ్యమా?" అన్నాను. గడ్డం సారు తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. మేడం నవ్వలేదు.

"సారు గురించి గల్లీ అంతా అడిగారు. మీ అమ్మాయి యాక్ట్ చేస్తుంటే ఎప్పుడైనా చూశారా?" అంది (ఆమె మాట్లాడింది మరాఠీలో, నన్ను కోప్పడినవాళ్ళందరూ ఎందుకో నాకు తెలుగులోనే గుర్తుంటారు). చూడలేదన్నాను. "అందుకే తల్లిదండ్రుల్ని పిలుస్తాం. ఏమీ చూడకుండా చేర్పిస్తారు, నడిమధ్యలో వచ్చి తీసుకుపోతారు. కూర్చోండి." హాలు మధ్యలో కుర్చీ వేయించింది. అది బస్టాండట. నేను బస్సు కోసం కూర్చున్న మనిషినట, నాలాగే ఉంటే చాలట. చిట్టి ముక్కూముఖం తెలియని మనిషిగా వచ్చి నా ఫోన్ అడగాలి. నేను ఇస్తే సీటు గురించి మాట్లాడదాం అంది మేడం.

నాకు లోపల భయం. ఇచ్చేద్దామని ముందే అనుకున్నాను, కన్నతల్లిని కదా. "ఊరికే ఇస్తే నాకు తెలిసిపోతుంది," అంది మేడం, నా ముఖం చదివినట్టు.

చిట్టి బయటికెళ్ళి తిరిగి వచ్చింది. వచ్చింది చిట్టి కాదు. కొంగు నెత్తిమీద కప్పుకున్నట్టు చున్నీ, చంకలో పిల్ల బరువుకు ఒంగిన నడుము (చంకలో పిల్ల లేదు, అయినా జారిపోతుందేమోనని నాకు చెయ్యి ముందుకొచ్చింది). నా పక్కన నేలమీద కూలబడి, లేని పిల్లను ఒళ్ళో సర్దుకుంది. నేను తెలుగులో గొణుక్కున్న మాట విని, "అక్కా, మీరు తెలుగోళ్ళా?" అంది. "మాది మర్ఖేల్ దిక్కు. మా ఆయనను దవాఖానల ఏసిన్రు. ఏ దవాఖాననో మర్శిపోయిన. ఇంటికి ఒక్క ఫోన్ చేసుకుంట. వద్దంటె వద్దు తియ్యి, మీ జాగల నేనుంటే గూడ ఇయ్యకపోదును."

ఆ చివరి మాట అచ్చం నేను అనే మాట. ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టి, "చేసుకో చెల్లె, ఏడ్వకు," అన్నాను. కన్న కూతురిని చెల్లె అన్నానని, మేడం చప్పట్లు కొట్టాకగానీ నాకు తెలియలేదు.

సీటు వచ్చింది. గడ్డం సారు వాళ్ళమ్మకు మా వదిన స్వయంగా వెళ్ళి సర్దిచెప్పింది, ఆ సాకుతో ఇంకోసారి పోహే తినొచ్చింది. ఇప్పుడు చిట్టి డిగ్రీ అయిపోయి, నాటకాలవాళ్ళతో ఊరూరూ తిరుగుతోంది. రోజూ ఫోన్ చేస్తుంది. "తిన్ననమ్మా, మంచిగున్న," అంటుంది. అంత బాగా చెప్పే పిల్ల నిజంగా తిన్నదో లేదో ముఖాలు చదివే నాకు పట్టుకోవడం చేతకావడం లేదు. ఫోన్ పెట్టేశాక కాసేపు అక్కడే కూర్చుని, నాలోని ఆ పాత అనుమానపు మనిషిని తలుచుకుని నవ్వుకుంటాను. అప్పట్లో ఆమెకు పాలవాడి మాట తేల్చుకోవడమే పెద్ద కష్టం. తర్వాత లేచి, తిన్నదనే నమ్మి, నేనూ తింటాను.