తిరగేసి చూడని జంపఖానా

నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఎనభైల్లో ఒక పొద్దున ఆ కోపంతో చేసిన పని ఇప్పటికీ నా కుడి మణికట్టులో సలుపుతోంది.

అప్పట్లో వరంగల్‌లోని కొత్తవాడలో జంపఖానాలు నేసి బతికేవాళ్లం. మగ్గం మీద నేను కూర్చునేవాణ్ణి. నేత అయ్యాక మూలన మా ఇంటి గుర్తుగా నీలిపోగుతో ముడి వేయడం నా భార్య పని. ఏ జంపఖానా చేతికొచ్చినా ముందు తిరగేసి చూడటం మా వాడలో అందరికీ అలవాటు. చేతి నేతకు రెండు పక్కలా ఒకటే రంగు, ఒకటే అల్లిక.

ఆ పొద్దున వర్ధన్నపేట చర్చి పెద్ద వచ్చి ఒక జంపఖానాను మా వాకిట్లో విసిరికొట్టాడు.

"బజార్ల సేఠు కాడ వరంగల్ మాల్ అని కొని చర్చిల పరిస్తిమి. దాని మీద కూసున్న ఆడోళ్ల తెల్లచీరెలన్నీ రంగంటి ఎర్రగైనయ్. మీ కొత్తవాడోళ్లను ఇగ నమ్మం. క్రిస్మస్‌కు చెప్పిన పెద్దది గూడ వద్దు."

ఆ పెద్దది మగ్గం మీద సగం నేసి ఉంది. ఆ ఏడాది మా తిండి అదే. ఆయన విసిరినదాన్ని తిరగేశాను. వెనకంతా వెలవెలబోయిన మిల్లు గుడ్డ. ముందు మాత్రం 'అసలు వరంగల్' అని ముద్ర.

పోగులు కోసే కత్తి తీశాను. నా భార్య నా చొక్కా పట్టుకుంది.

"జర ఆగు, నీ కాళ్లు మొక్కుత!"

విదిలించి తోసేశాను. ఆమె తల మగ్గం గుంజకు తగిలింది. నెత్తురు కారుతుంటే చూసి కూడా ఆగలేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మా ఊరి పేరు ఎందుకు వేశావని బజారులో నిలదీస్తే ఆ సేఠు నవ్వాడు. "వరంగల్ పేరేమన్న మీ అయ్య జాగీరా?"

వాడి మూతి పగిలేలా కొట్టాను. కొట్లో దొంతరగా పేర్చినవాటిలో పైనున్న జంపఖానాను పట్టుకుని కత్తితో అడ్డంగా చీల్చాను, ఆ తర్వాత దాని కిందిది, దాని కిందిది. వాడి మనుషులు ఇనుప గజంబద్దతో నా మణికట్టు మీద కొట్టారు. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

ఠాణాలో ఇన్‌స్పెక్టర్ నా ఫిర్యాదు రాసుకోలేదు. "మనిషిని కొడితే సెక్షనుంది. మాల్ కోస్తే సెక్షనుంది. ఊరి పేరు వాడుకుంటే ఏ సెక్షన్ రాయాలె?" అన్నాడు. నిజమే, ఊరి పేరు ఇంకెవరూ వాడకుండా మా జంపఖానాకు జీఐ గుర్తింపుతో చట్టం కాపలా వచ్చింది ఈమధ్యే. అప్పుడు ముద్దాయిని నేనే.

కోర్టులో, నేను మొదట చీల్చినదాన్ని సేఠు పైకెత్తి చూపాడు.

"సార్, ఇది అసలైన కొత్తవాడ మాల్. ఎన్కా, ముందు ఒక్కతీరుగుంటది. మస్తు నష్టమైంది."

మూలన నీలిముడి కనిపించింది. మా ఇంటిదే ఒకటి కొని, గిరాకీల కోసం పైన పరిచి, కింద నకిలీ అమ్ముతున్నాడు.

వెనక బెంచీ మీద నా భార్య కూర్చుని ఉంది, నుదుటి మీద కట్టుతో. బయటికొచ్చాక ఒక్కటే అడిగింది.

"తిరగేసి సూడలేదా?"

లేదని తలూపాను. ఆ విరిగిన చేతితో నేను మళ్లీ మగ్గం మీద కూర్చోలేదు. సగంలో ఆగిన పెద్ద జంపఖానాను ఆమే పూర్తి చేసింది, మూలన మా ఇంటి గుర్తు ముడి మాత్రం వేయలేదు.